మన భాషకు పేరు పెట్టినదెవరు?

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

నిర్వాహకులు నన్ను మాతృభాషా మహిమను గురించి మాట్లాడవలసినదిగా కోరినారు. ఆ విషయం మీద ఈ డెబ్బై అయిదేళ్ళలో ఈ ఆవరణలో జరిగిన ఉపన్యాసాలకు లెక్క లేదు. వాటిలో కొన్ని నావే. అందుచేత మహిమను పక్కన పెట్టి, భాష పేరును గురించి మాత్రమే కొన్ని మాటలు మనవి చేస్తాను. ఇది చిన్న విషయమని మీకు తోచవచ్చు. నాకూ చాలాకాలం అట్లాగే తోచినది.

నేను ఈ బడిలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక జూన్ నెల ఉదయం ప్రవేశాల పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నాను. రాళ్ళు కొట్టే పని మీద వచ్చి ఊరి బయట గుడిసెలు వేసుకొన్నవారిలో ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చినాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ వ్రాసుకొన్నాను. (పుట్టిన తేదీలు ఆ రోజులలో మేమే నిర్ణయించేవాళ్ళము. ఆ పుస్తకం ప్రకారం మన పూర్వ విద్యార్థులలో సగం మంది జూన్ ఒకటవ తేదీన పుట్టినవారే!) తరువాత మాతృభాష అన్న గడి వచ్చినది. తెలుగు బడికి వచ్చినవాడు కదా అని నేనే 'తెలుగు' అని వ్రాయబోయినాను. ఆయన చేయి అడ్డం పెట్టి, "మాది తెలుగు గాదు సారూ, వడ్డరి మాట" అన్నాడు.

ఆ వాక్యం ఆయన చెప్పినది తెలుగులోనే. "మరి ఈ బడికి ఎందుకు తెచ్చినావు?" అని అడిగితే, "మా మాట మీ బడిల తెలుస్తదని" అన్నాడు. నేను నవ్వుకొని గడిలో 'వడ్డరి' అని వ్రాసి సంతకం చేసినాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే దారిలో ఆ నవ్వు నాకే బాగా అనిపించలేదు. తన భాష పేరేమిటో ఆయనకు తెలియదా, లేక నాకు తెలియదా అన్న సందేహం అప్పుడు పట్టుకొన్నది. ఇప్పటికీ పూర్తిగా వదలలేదు.

చాలా ఏళ్ళ తరువాత ప్రపంచ భాషలను గురించి చదువుతూ ఉండగా ఒసేతు అనే భాష ప్రస్తావన కనిపించినది. నల్ల సముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ నడుమ ఉన్న కాకసస్ పర్వతాలలో, కొంత రష్యాలోనూ కొంత ఆ పర్వతాలకు దక్షిణంగానూ, కొన్ని లక్షల మంది మాట్లాడే భాష ఇది. మన బీదరు కోటలో శాసనాలకెక్కిన పారసీకానికి దూరపు చుట్టం. అయితే 'ఒసేతు' అన్నది ఆ జనం తమ భాషకు పెట్టుకొన్న పేరు కాదు. పొరుగున ఉన్న జార్జియా వారు ఆ జనాన్ని 'ఓస్' అనీ, వారి దేశాన్ని 'ఓసేతి' అనీ పిలిచినారు. రష్యనులు ఆ దేశం పేరును తీసుకొని జనానికి పెట్టినారు. రష్యనుల నుండి అది ఐరోపా భాషలకు, అక్కడినుండి మనదాకా వచ్చినది.

మరి వారు తమను తాము ఏమనుకొంటారు? ఎక్కువ మంది 'ఇరోన్' అంటారు. భాషను 'ఇరోన్ అవ్జాగ్' అంటారు. అవ్జాగ్ అంటే నాలుక. 1899లో వారి మహాకవి కోస్తా ఖెతగూరొవ్ తన కవితా సంపుటికి పెట్టిన పేరులోనూ 'ఇరోన్' అన్న మాటే ఉన్నది. అయితే పశ్చిమాన ఉన్నవారు ఈ పేరును ఒప్పుకోరు. వారు 'దిగోర్' వారు. వారి మాండలికానికి వారి పేరున్నది. ఇరోన్ అంటే అందులో తాము లేమంటారు. కనుక ఇద్దరినీ కలిపి చెప్పవలసి వచ్చినప్పుడు పరాయివారిచ్చిన 'ఒసేతు' అనే మాటే దిక్కయినది. ఈ చిక్కు తీరడానికి మధ్యయుగాలలో తమ పూర్వికులకున్న 'అలాన్' అనే పేరు పైకి వచ్చినది. 1994లో ఉత్తర ఒసేతియా రిపబ్లిక్కు తన పేరుకు 'అలానియా' అని చేర్చుకొన్నది. 2017లో దక్షిణాన ఉన్నవారూ ప్రజాభిప్రాయం తీసుకొని అట్లాగే చేసినారు.

ఇందులో ఇంకొక చమత్కారమున్నది. జార్జియా వారి 'ఓస్' అన్న మాటకు మూలం 'ఆస్'. అది ఆ అలానులకే ఉన్న పాత పేరు. ఈనాటి ఒసేతులు మాత్రం ఆ పేరుతో తమను పిలుచుకోరు. పక్కన ఉన్న బల్కారులనే తురుష్క భాషీయులను 'ఆసి' అంటారు. తమ పేరు పక్కింటివారికి పోయినది! వారి పూర్వికులలో ఒక శాఖ పదమూడవ శతాబ్దంలో హంగేరీకి పోయి స్థిరపడినది. అక్కడ వారిని 'యాస్' అన్నారు. కొన్ని తరాలకు వారి భాష పూర్తిగా పోయినది. 1422 నాటి కాగితం మీద వ్రాసి ఉన్న కొన్ని పదుల మాటలు మాత్రం దొరికినవి. 'యాస్' అన్న పేరు నేటికీ అక్కడి ఊళ్ళ పేర్లలో ఉన్నది. మాట పోయి పేరు మిగిలినదన్నమాట. ఆ పుట చదివినప్పుడు నాకు మన ప్రవేశాల పుస్తకం గుర్తుకు వచ్చినది. అక్కడ మాట ఉన్నది, పేరు లేదు.

ఇక మన సంగతికి వద్దాము. 'తెలుగు' అన్న పేరు మనకు ఎవరు పెట్టినారు?

తమిళుల ప్రాచీన సంగం సాహిత్యంలో మనవారి పేరు 'వడుగర్'. వడ అంటే ఉత్తరం. వారికి మనం ఉత్తరాన ఉన్నాము కనుక వడుగులమైనాము. మన పాత గ్రంథాలలో కనిపించే రూపాలలో 'తెనుగు' ఒకటి. 'తెన్' అంటే దక్షిణం. దానినుండే తెనుగు వచ్చినదని చెప్పే పండితులున్నారు. ఆ మాట నిజమైతే మన పేరుకు అర్థం దక్షిణాది వారని. ఒకరికి ఉత్తరపు వాళ్ళము, మరొకరికి దక్షిణపు వాళ్ళము. మనం మాత్రం ఉన్నచోటనే ఉన్నాము. పేరు పెట్టినవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో అతడు పెట్టిన పేరే చెప్పుతుంది.

ఈ 'వడుగు' కన్నడంలో 'బడగ' అవుతుంది. మన వకారం కన్నడంలో తరచు బకారమవుతుందని ఇక్కడి పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. మన వేప వారి బేవు, మన వేరు వారి బేరు. 1544లో దక్షిణ తీరాన ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్ పాదిరి తన లేఖలలో ఉత్తరం నుండి వచ్చి పడిన సైనికులను 'బడగలు' అనే వ్రాసినాడు. నీలగిరి కొండలలో ఈనాడు బడగలనే పేరు గలవారు మాట్లాడేది తెలుగు కాదు. అది కన్నడానికి దగ్గరి భాష. వారు ఆ కొండలకు ఉత్తరాన ఉన్న మైసూరు సీమనుండి వచ్చినవారు కనుక ఆ పేరు పడినది. ఒసేతుల పేరు బల్కారులకు పోయిన కథ వంటిదే ఇదీ.

'త్రిలింగ' శబ్దం నుండి తెలుగు వచ్చినదని పెద్దలు చెప్పుతారు. కాళేశ్వరం, శ్రీశైలం, దాక్షారామం, ఈ మూడు శివక్షేత్రాల నడిమి దేశం త్రిలింగ దేశమని కాకతీయుల ఆస్థానంలో విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయంలో కీర్తించినాడు. ఆ వ్యుత్పత్తి మీద నాకు భక్తి ఉన్నది, నమ్మకం లేదు. దేశిమాటకు సంస్కృతపు శాలువా కప్పి గౌరవించడం మన పండితుల అలవాటు. మన ఊరికీ ఆ గౌరవం జరిగినది. మహాభారతంలోని విదురుని నగరం కనుక బీదరు అంటారు. కన్నడంలో బిదిరు అంటే వెదురు; వెదురు పొదల ఊరు కనుక బీదరు అని కూడా అంటారు. ఇందాక చెప్పిన వకార బకారాలను మళ్ళీ ఒకసారి తలచుకొంటే, మన ఊరి పేరు తెలుగులోనూ ఉన్నదని పిల్లలకు తెలుస్తుంది. నాకు విదురుని కంటె వెదురు మీదనే మనసు పోతుంది.

ఢిల్లీనుండి చూచినవారు మనల నేమన్నారు? అమీర్ ఖుస్రో 1318లో రచించిన 'నుహ్ సిపిహ్ర్' కావ్యంలో హిందూస్థానపు భాషలను లెక్కపెట్టుతూ మన భాషను 'తిలంగీ' అన్నాడు. అదే పట్టికలో కన్నడానికి హొయసల రాజధాని పేరు పెట్టి 'ధూర్ సముందరి', అనగా ద్వారసముద్రపు భాష, అన్నాడు. ఢిల్లీ సైన్యానికి ఏది తెలిస్తే అదే పేరు! తరువాతి కాలంలో ఇంగ్లీషు కంపెనీ తన సిపాయిలను మొదట దక్షిణాన, తెలుగు సీమలో చేర్చుకొన్నది కనుక ఉత్తర హిందూస్థానంలో సిపాయికే 'తిలంగా' అనే పేరు వచ్చినది. 1857లో ఢిల్లీలో తిరుగబడిన సిపాయిలను అక్కడి జనం తిలంగాలన్నారు. వారిలో చాలామంది అవధు ప్రాంతం వారు. తెలుగు ముక్క తెలియని తిలంగాలు వారు.

చెన్నపట్నంలో ఇంగ్లీషువారు మనకు పెట్టిన పేరు మరీ విచిత్రం. పోర్చుగీసు వారు హిందువులను 'జెంటియో' అన్నారు. అంటే తమ మతం కానివాడని. ఆ మాట ఇంగ్లీషు నోటిలో 'జెంటూ' అయినది. 1776లో హాల్హెడ్ ప్రకటించిన జెంటూ ధర్మశాస్త్రం అంటే హిందూ ధర్మశాస్త్రమే. చెన్నపట్నంలో మాత్రం జెంటూ అంటే తెలుగువాడు, జెంటూ భాష అంటే తెలుగు. 1814లో శ్రీరామపురంలో కేరీ దొర అచ్చువేసిన మన వ్యాకరణం పేరులో 'తెలింగానా భాష' అని ఉన్నది. 1816లో కేంబెల్ వ్రాసినది 'తెలుగు' వ్యాకరణం. దీనినే సాధారణంగా జెంటూ అంటారని ముఖపత్రం మీదనే చెప్పుకోవలసి వచ్చినది. మరుసటి ఏడు 1817లో విలియం బ్రౌన్ వ్రాసిన వ్యాకరణం తిరిగి 'జెంటూ' అన్నది. నాలుగేళ్ళలో మూడు వ్యాకరణాలు, ఒకే భాష, మూడు పేర్లు. (వీరు సి.పి. బ్రౌన్ కారు. పరీక్షలలో చాలామంది పొరబడుతుంటారు కనుక చెప్పుతున్నాను. సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది.) జెంటూ అన్న పేరు తరువాత మాసిపోయినది. పోయినందుకు మనమెవరమూ విచారించలేదు.

మన పేరు మనకు బాధ కలిగించిన కాలం ఒకటున్నది. అది దూరదేశంలో కాదు, మనం ఉన్న ఈ గడ్డ మీదనే. నిజాం రాజ్యంలో 'తెలంగీ బేఢంగీ' అని ఒక వెక్కిరింత ఉండేది. తెలుగంటే తీరూ తెన్నూ లేని భాష అని దాని భావం. చూడండి, 'తిలంగీ' అన్న మాట ఖుస్రో నోట వట్టి పేరు. ఆరు వందల ఏళ్ళకు అదే పేరు ప్రాసకు అందివచ్చిన తిట్టు అయినది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో కర్వే మహాశయుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలిచేసి సాగనివ్వలేదు. ఆ రాత్రే కొద్దిమంది కూడి ఒక సంఘం పెట్టుకొన్నారు. దానికి వారు పెట్టుకొన్న పేరు 'ఆంధ్ర జనసంఘం'. 1930లో మనకు ఎంతో దూరం లేని జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన తొలి మహాసభ పేరు కూడా 'ఆంధ్ర మహాసభ'యే. తెలంగాణం నడిబొడ్డున తెలుగువారు గౌరవం కోసం 'ఆంధ్ర' అన్న పాత పేరును ఎత్తుకొన్నారు, ఒసేతులు అలాన్ అన్న పేరును ఎత్తుకొన్నట్లే. 1953, 1956, 2014 సంవత్సరాల తరువాత అదే పేరు ఒక ప్రాంతానికి గుర్తు అయినది. ఈనాడు హైదరాబాదులో తెలుగును 'ఆంధ్ర భాష' అంటే ఎవరైనా ఒకసారి తల తిప్పి చూస్తారు. పేర్లు ఒకచోట నిలువవు.

మరి బీదరులో ఉన్న మనమెవరము? 1956 నవంబరు ఒకటి దాకా మనది హైదరాబాదు రాష్ట్రంలో జిల్లా. ఆ రోజున జిల్లా మూడు ముక్కలయినది. అహమదుపూరు, నిలంగా, ఉద్గీరు తాలూకాలు అటు బొంబాయి రాష్ట్రానికి పోయినవి. నారాయణఖేడు తాలూకా, న్యాల్కల్ సర్కిలు, నిర్ణా సర్కిలు మినహాగా జహీరాబాదు తాలూకా ఇటు ఆంధ్రప్రదేశానికి పోయినవి. మిగిలినది మైసూరుకు వచ్చినది. మన ఇండ్లు కదలలేదు, మన మాట మారలేదు. అప్పటిదాకా ఒకే జిల్లాలోని జనులమైన వాళ్ళము కొందరము ఆ సాయంత్రానికి 'భాషాపరమైన అల్పసంఖ్యాకులము' అయినాము. అదీ ఒక పేరే.

నేను దీనిని ఫిర్యాదుగా చెప్పడం లేదు. కన్నడానికీ మనకూ ఉన్న చుట్టరికం ఆ గీత కంటె పాతది. పన్నెండవ శతాబ్దంలో మన జిల్లాలోని కల్యాణంలో బసవేశ్వరుడు నడయాడినాడు. ఆయన కథను పురాణంగా చెప్పిన పాల్కురికి సోమనాథుడు తెలుగులో చెప్పినాడు, తన భాషను 'జాను తెనుగు' అని గర్వంగా పిలుచుకొన్నాడు. ఆ తెలుగు పురాణాన్ని భీమకవి 1369లో కన్నడం చేసినాడు. ఇక శ్రీనాథ మహాకవి భీమేశ్వర పురాణంలో తన కవిత్వాన్ని ఎవరే భాష అనుకొన్నా తనకు కొరత లేదనీ, నిజానికి అది కర్ణాట భాష అనీ చెప్పుకొన్నాడు! దానికి పండితులు చెప్పే అర్థాలు అనేకం. ఆ తగవులోకి నేను దిగను. అంతటి తెలుగు కవి తన భాషకు పక్కింటి పేరు పెట్టుకొని కూడా కులాసాగా ఉండగలిగినాడన్నది నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇతరులు మనకు పేర్లు పెట్టినారని చెప్పుకొంటున్నాము కాని, మనమేమీ తక్కువ తినలేదు. తమిళాన్ని మనం 'అరవం' అంటాము. తమిళుడెవడూ తన భాషను అట్లా అనుకోడు. అంటే నొచ్చుకొనేవారూ ఉన్నారు. మరాఠీవారిని మన పెద్దలు 'ఆరెవారు' అన్నారు. ఇవి మన నోటికి తిట్లుగా తోచవు. 'తెలంగీ' అన్నవానికీ అది తిట్టుగా తోచి ఉండదు. నలుగురు నాలుగు భాషలు మాట్లాడే మన బీదరు పేటలో పిల్లలు ఈ సంగతి గమనించవలెను.

ఇప్పుడు మళ్ళీ ఆ ప్రవేశాల పుస్తకం దగ్గరకు వస్తాను. 'వడ్డరి' అన్నది ఏమి పేరు? రాతిపని, మట్టిపని చేసే వడ్డెరవారి మాట కనుక వడ్డరి. వారి కులానికి ఆ పేరు ఓఢ్రదేశం నుండి, అంటే ఒడిస్సా నుండి, వచ్చినదంటారు. తెలుగు మాట, కర్ణాటకంలో ఉన్నది, ఒడిస్సా పేరుతో పిలువబడుతున్నది! జనాభా లెక్కల వారు ప్రతివాడూ చెప్పిన మాతృభాషను చెప్పినట్లే వ్రాసుకొని, తరువాత వాటిని భాషల కింద చేర్చుతారు. ఆ పట్టికలలో 'తెలుగు' అనే శీర్షిక కింద మొదట తెలుగు, తరువాత విడిగా 'వడరి' అని కనిపిస్తుంది. 2011 లెక్కలలో తెలుగువారు ఎనిమిది కోట్ల పదకొండు లక్షలని మనం చెప్పుకొనే సంఖ్యలో ఆ రాళ్ళు కొట్టే తండ్రీ, ఆయన బంధువులూ ఉన్నారు. వారు మనలో ఉన్నట్లు వారికి ఎవరైనా చెప్పినారో లేదో నాకు అనుమానమే. ఎత్తిపొడిచే సందర్భంలో వారి మాటను 'వడ్డరోళ్ళ భాష' అని మన తెలుగు ఇండ్లలోనే అంటాము. 'తెలంగీ బేఢంగీ' అని మనలను ఎవరో అన్నారని బాధపడ్డ ఇండ్లే అవి.

ఆనాటి పిల్లవాడు ఈ సభలో ఉన్నాడు. ఆయన అనుమతితోనే ఈ కథ చెప్పుతున్నాను. ఇప్పుడు సొంతంగా కట్టడాల పని చేయిస్తున్నాడు. మనం కూర్చున్న ఈ అరుగు రాళ్ళు ఆయన దగ్గరుండి పరిపించినవే. ఉత్సవానికి పాత పుస్తకాలు బయటకు తీసినప్పుడు ఆ పుట ఆయనకు చూపించి, నేను చేసినది తప్పేమో, ఆ గడిలో 'తెలుగు' అని దిద్దమంటావా అని అడిగినాను.

ఆయన చాలాసేపు చూచి, "వద్దు సార్. మా నాయన చెప్పిందే ఉండనియ్యండి. పక్కన జాగా ఉన్నది గదా, తెలుగు అని గూడ రాయండి" అన్నాడు.

గడి చిన్నది. అక్షరాలు కొంచెం ఇరికించి వ్రాసినాను. 2021లో జరగక వాయిదా పడిన జనాభా లెక్కలవారు మీ ఇంటికి వచ్చినప్పుడు వారి కాగితంలో అంత చోటు ఉంటుందో లేదో చెప్పలేను. వచ్చే జూన్ నుండి మన ప్రవేశ పత్రంలో మాతృభాష అన్న గడిని కాస్త పెద్దదిగా అచ్చువేయించవలసినదని ప్రధానోపాధ్యాయుల వారిని ఈ సభాముఖంగా కోరుతున్నాను.